అరవై క్యాండిల్ బల్బే అమ్మ రెక్క

వేసవి సెలవులు మొదలైతే చాలు, సైకిలు వెనక గంప కట్టుకుని ఎరుపు, పచ్చ, గులాబి రంగులద్దిన కోడిపిల్లల్ని అమ్మే మనిషి వీధిలోకి వస్తాడు. పిల్లలు చుట్టూ మూగేస్తారు. "అమ్మా, ఒక్కటి కొనవే" అని కొంగు పట్టుకుని లాగుతారు. సరే కదా అని రెండు కొంటాం. అట్టపెట్టెలో పెట్టి, నాలుగు నూకలు చల్లి, డబ్బా మూతలో నీళ్లు పోస్తాం. రాత్రంతా అవి కీచుకీచుమని ఒకటే అరుపు. "ఆకలేస్తోందేమో పాపం" అని లేచి ఇంకో గుప్పెడు నూకలు వేస్తాం. తెల్లారేసరికి ఒకటి, మర్నాటికి రెండోది. ఇంట్లో పిల్లల ఏడుపు. "రంగు పూశారుగా, విషం అయ్యుంటుంది" అనో, "రోగం పిల్లల్ని అంటగట్టాడు" అనో తీర్పు చెప్పేసి ఆ అట్టపెట్టె అవతల పారేస్తాం.

రోగమూ, రంగూ అసలు కారణాలు కావని అనను. కానీ చాలాసార్లు ఆ పిల్ల ప్రాణం తీసేది చలి. మే నెలలో చలేమిటండీ అంటారా? గుడ్డులోంచి నిన్నగాక మొన్న బయటికొచ్చిన కోడిపిల్లకి మొదటి వారమంతా కావలసిన వేడి 95 డిగ్రీల ఫారెన్‌హీట్. సెంటీగ్రేడ్‌లో చెప్పాలంటే 35. మనం ఉక్కకి తట్టుకోలేక ఫ్యాను పెద్దది చేసుకుని పడుకున్న గదిలో తెల్లవారుజామున 28 ఉంటే ఎక్కువ. ఒంటి మీద ఈకలుండవు, ఉత్త నూగు. సొంతంగా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం దానికి రెండు మూడు వారాల దాకా సరిగా చేతకాదు. మనకి గాలి, దానికి చావు.

ఇక ఆకలి సంగతి. గుడ్డు చిట్లించుకుని బయటికి వచ్చే ముందే పిల్ల లోపలున్న పచ్చసొనని కడుపులోకి లాగేసుకుంటుంది. ఆ సద్దిమూటతో రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు మేత లేకపోయినా నెట్టుకొస్తుంది. ఒకరోజు పిల్లల్ని పెట్టెల్లో పెట్టి బస్సుల్లో, రైళ్లలో వందల మైళ్లు పంపించగలుగుతున్నారంటే ఈ ఏర్పాటు వల్లే. కాబట్టి ఆ రాత్రి అరుపు నూకల కోసం కాదు.

అన్నట్టు, ఆ రంగు పిల్లలు చాలావరకు గుడ్ల జాతి కోళ్లలో పుట్టిన మగపిల్లలు. హేచరీలో మొదటిరోజే ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ వేరు చేస్తారు. మగవి గుడ్లు పెట్టవు, మాంసానికీ గబగబా ఎదగవు. అందుకని కారుచౌకగా గంపలకెక్కుతాయి. మగపిల్లాడైనందుకు విలువ పోయే చోటు లోకంలో ఇదొక్కటే అనుకుంటా!

సంగతి ఈ రంగుపిల్లల వరకే అయితే ఇంతగా రాయక్కర్లేదు. ఈమధ్య కాస్త పెరడున్నవాళ్లు, మేడ మీద చోటున్నవాళ్లు కూడా నాలుగు కోళ్లు పెంచుకుందామని చూస్తున్నారు. పల్లెల్లో అయితే కోడి ఎప్పుడూ ఆడవాళ్ల సొత్తే. పొలం కాగితాలు ఆయన పేరున ఉంటాయి. గేదె పాల డబ్బు ఇంటి ఖర్చులోకి పోతుంది. గుడ్ల మీదా పుంజు మీదా వచ్చింది మాత్రం ఆవిడ కొంగు ముడిలోకి వెళుతుంది. పిల్లకి నోటుపుస్తకం, ముసలావిడకి మందుబిళ్లలు, చెప్పకుండా చుట్టం వస్తే కూర, అన్నీ ఆ ముడిలోంచే. ఇరవై పిల్లల్ని తెచ్చుకుంటే నాలుగో రోజుకి పదిహేను పోయాయంటే, పోయింది ఆ ముడి.

మన అమ్మమ్మలకి ఈ బాధ లేదు. నాటుపెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి, తనే పొదుక్కి కూర్చునేది. 21 రోజులకి పిల్లలు. ఆ తర్వాత రెక్కలు విప్పి పిల్లలన్నింటినీ పొట్ట కిందకి లాక్కునేది. కోడి ఒంటి వేడి మన కంటే చాలా ఎక్కువ, 105 నుంచి 107 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. చలేసిన పిల్ల లోపలికి దూరుతుంది, వెచ్చబడ్డాక తల బయటపెడుతుంది. కానీ పొదగడానికీ పిల్లల్ని తిప్పడానికీ పోయే నెలల్లో పెట్ట గుడ్డు పెట్టదు. నాటుకోడి ఏడాదికి అరవై డెబ్భై గుడ్లకి మించి పెట్టకపోవడానికి అదొక కారణం. ఇప్పుడు పెరటి పెంపకానికి ఇస్తున్న కోళ్లు వేరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన వనరాజా, గ్రామప్రియ, అక్కడే పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ, వీటికి గుడ్లు ఎక్కువ, పొదుగు బుద్ధి తక్కువ. పిల్లలు మెషిన్లో పుట్టి, అట్టపెట్టెలో మన గుమ్మంలోకి వస్తాయి. తల్లి ఉండదు. ఆ తల్లి స్థానంలో మనం పెట్టే వెచ్చటి గూడునే బ్రూడరు అంటారు.

పేరు చూసి బెదిరిపోకండి. ఇందులో ఇంట్లో లేని వస్తువు దాదాపు ఏమీ లేదు.

ముందురోజే సిద్ధం

పిల్లలు వచ్చాక గూడు వెతుక్కోవడం కాదు, అవి వచ్చే ముందురోజే అన్నీ అమర్చి బల్బు వెలిగించి చూడాలి. ఇరవై, పాతిక పిల్లల లెక్కన చెబుతున్నాను. గాలి నేరుగా కొట్టని గది మూలో, వరండా ఓ పక్కో చాలు. నేల కడిగి, ఆరబెట్టి, సున్నం చల్లి ఊడ్చేయండి. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె లాంటిది దొరికితే దాన్ని విప్పి, అడుగున్నర ఎత్తున పట్టీలుగా కోసి, చివర్లు కలిపి గుండ్రంగా నిలబెట్టండి. రేకు ముక్క దొరికితే మరీ మంచిది, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. మొదటి వారానికి మూడడుగుల వెడల్పు వలయం సరిపోతుంది. తర్వాత దాన్ని వదులు చేసుకుంటూ నాలుగడుగులు, అయిదడుగులు చేయాలి.

గుండ్రంగానే ఎందుకు? నాలుగు మూలల పెట్టె అయితే ఏం? చలేసినా, భయమేసినా కోడిపిల్లలు మూలకి పరిగెడతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పొద్దున్నే లేచి చూస్తే అడుగున్నవి ఊపిరాడక పోయి ఉంటాయి. పెట్టె తప్ప గతిలేకపోతే నాలుగు మూలల్లో అట్టముక్కలు వంచి గుండ్రం చేసేయండి. ఇంత చిన్న పని ఎన్ని ప్రాణాలు కాపాడుతుందో!

నేల మీద రెండంగుళాల మందాన వరి ఊక పరవండి. వేరుశనగ పొట్టు దొరికే రాయలసీమ వాళ్లకి అదీ బాగుంటుంది. రంపపు పొట్టు కూడా వాడతారు గానీ, మరీ మెత్తటి పొడి అయితే కళ్లల్లో, ముక్కుల్లో పడుతుంది. ఊక అడిగితే తవుడు ఇస్తారేమో చూసుకోండి, తవుడు తడిస్తే పులిసిపోతుంది. మొదటి మూడు రోజులు ఊక మీద పాత పేపర్లు పరవాలి. లేకపోతే ఏది మేతో ఏది ఊకో తెలియక ఊకే తినేస్తాయి. పైపొర రోజూ తీసి కొత్తది వేయండి. మూడు నాలుగు రోజుల తర్వాత మాత్రం పేపరు ఉంచకూడదు. నున్నటి కాగితం మీద కాళ్లు పక్కలకి జారి, కొన్ని పిల్లలకి అవి అలాగే వంకరపోతాయి. నిగనిగలాడే మ్యాగజైను కాగితం అసలు వద్దు. ఈ విషయంలో దినపత్రికే మేలు!

బల్బు దగ్గరే అసలు కిటుకు

ఒకప్పుడు కొట్టుకెళ్లి "అరవై క్యాండిల్ బల్బు ఒకటివ్వండి" అంటే ఇచ్చేవారు. ఇప్పుడు చాలా కొట్లలో ఎల్‌ఈడీలే. తెల్లగా, తళతళా వెలుగుతాయి, కరెంటు ఆదా. కానీ కోడిపిల్లకి అవి వెన్నెలతో సమానం. వెలుగే తప్ప వేడి లేదు. "బల్బు పెట్టానమ్మా, అయినా పోయాయి" అనేవాళ్ల ఇంటికెళ్లి చూస్తే చాలాచోట్ల కనపడేది ఎల్‌ఈడీయే. మనకి కావలసింది లోపల సన్నటి తీగ ఎర్రగా కాలే పాతకాలం బల్బు. ఊళ్లో ఒకటి రెండు పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే ఇంకా దొరుకుతోంది. కోళ్ల మేత, మందులు అమ్మే దుకాణాల్లో ఎర్రగా కాలే ఇన్‌ఫ్రారెడ్ బల్బులు కూడా ఉంటాయి. అయితే అవి నూటయాభై, రెండొందల యాభై వాట్లవి. పాతిక పిల్లల మీద అంత వేడి ఎక్కువే, బాగా ఎత్తున కట్టుకోవాలి.

ఒక్కో పిల్లకి రెండు వాట్లు అని లెక్క. అంటే పాతిక పిల్లలకి ఒక అరవై బల్బు చాలు. చలికాలమైతే రెట్టింపు. నేనైతే ఒక పెద్ద బల్బు బదులు రెండు చిన్నవి పెట్టుకోమంటాను. నలభైవి రెండు. అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది కాస్తుంది కదా. వాటి మీద పాత సత్తు బేసిను బోర్లించినట్టు కట్టామంటే వేడి పైకి పోకుండా కిందికే దిగుతుంది. వెదురుబుట్ట, అట్ట మాత్రం బల్బుకి తగిలేలా కట్టొద్దు.

కరెంటు వైరుకే బల్బుని వేలాడదీయడం మన ఇళ్లలో అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. ఆ వైరు జారినా, కోడిపిల్లలు కాదు, పిల్లి తగిలినా, బల్బు ఊక మీద పడుతుంది. పొడి ఊక అంటుకోవడానికి ఎంతసేపు? పాక ఇళ్లల్లో అయితే చెప్పేదేముంది. ఇనప తీగతోనో గొలుసుతోనో బేసినుని పై కమ్మీకి విడిగా కట్టండి. బరువంతా దాని మీదే పడాలి. వైరు వదులుగా ఉండాలి. అతుకుల వైరు వద్దు.

మొదట ఊకకి అడుగు, అడుగున్నర ఎత్తులో కట్టి ఓ గంట వెలిగించి చూడండి. బల్బు నీడ అంచున, ఊకకి రెండంగుళాల పైన థర్మామీటరు పెడితే 95 చూపించాలి. జ్వరం చూసే థర్మామీటరు కాదు సుమండీ. అందులో ఎక్కిన పాదరసం మనం విదిలిస్తే గానీ దిగదు, కాబట్టి గూడు చల్లబడితే దానికి తెలియదు. గోడకి తగిలించేది కావాలి. రెండోవారం 90, మూడోవారం 85, నాలుగోవారం 80. ఇలా వారానికో అయిదు డిగ్రీలు తగ్గించాలి. అందుకు బల్బుని వారానికి రెండు మూడంగుళాలు పైకి కట్టుకుంటూ పోవడమే.

ఇది చెప్పి ఊరుకుంటే కుదరదు. ఆదిలాబాద్ లో డిసెంబరు రాత్రి పది సెంటీగ్రేడ్ లోపుకి దిగిపోతుంది. విజయవాడలో మే మధ్యాహ్నం నలభై దాటుతుంది. రెండుచోట్లా ఒకటే బల్బు, ఒకటే ఎత్తు ఎలా కుదురుతుంది? ఎండాకాలం పగలు అసలు వేడి బల్బే అక్కర్లేదు, ఆర్పేయాలి. రాత్రి పదకొండు తర్వాత వెలిగిస్తే చాలేమో. కోస్తాలో జడివాన పట్టిన రోజున పట్టపగలు కూడా కావాలి. అంకెలు నమ్ముకోవడం కంటే పిల్లల్ని చూడటం మంచిదని అందుకే అంటాను.

థర్మామీటరు కంటే పిల్లలే నయం

చూడటం వచ్చినవాళ్లకి థర్మామీటరుతో పని లేదు. రాత్రి అన్నాలయ్యాక ఓ నిమిషం వంగి చూడండి. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాన్నొకటి తోసుకుంటూ ముద్దకట్టి, గట్టిగా కీచుమంటున్నాయా? చలేస్తోంది, బల్బు కిందికి దించండి. బల్బుకి దూరంగా అట్ట అంచున చేరి, నోళ్లు తెరిచి, రెక్కలు వేలాడేసి రొప్పుతున్నాయా? వేడెక్కువైంది, పైకి కట్టండి. అన్నీ ఒకే పక్కకి చేరాయంటే ఎదుటి పక్కనుంచి ఎక్కడో గాలి కొడుతోందని. తలుపు సందు, కిటికీ రెక్క చూసుకోండి, ఆ పక్క గోనెపట్టా కట్టండి. కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని కాళ్లు చాపుకుని పక్కకి వాలి నిద్రపోతూ, సన్నగా కిచకిచలాడుతూ గూడంతా పరుచుకుని ఉంటే మీరు హాయిగా వెళ్లి పడుకోవచ్చు. నిద్రపోయే కోడిపిల్ల చచ్చినదానిలాగే కనిపిస్తుంది, కొత్తవాళ్లు కంగారుపడి లేపేస్తుంటారు!

గాలి వద్దన్నానని ప్లాస్టిక్ పట్టాతో గూడంతా మూసేస్తే ఇంకో ప్రమాదం. లోపల చెమ్మ, రెట్ట వాసన, కళ్లు మంటలు. పై భాగం ఎప్పుడూ తెరిచి ఉండాలి, దోమతెరలాంటి వల కప్పితే చాలు. మీరు కూర్చుని గూట్లోకి ముఖం పెట్టి వాసన చూడండి. మీ కళ్లు మండితే, ఆ ఎత్తులోనే రోజంతా బతికే పిల్లల గతి ఆలోచించండి.

మా వీధిలో పాలు పోసే ఆవిడ ఉంది. ఇంటి వెనక దొడ్డి పెద్దది. సంఘంలో అప్పు తీసుకుని ఇరవై పిల్లల్ని తెచ్చింది, వారానికి మూడు మిగిలాయి. మళ్లీ తెచ్చింది, అయిదు మిగిలాయి. రెండుసార్లూ పాక పంచలో, గంప కిందే పెట్టింది, వాళ్లమ్మ నాటుపిల్లల్ని పెట్టినట్టే. వాళ్లత్త "ఈ పిల్ల చేతికి కోళ్లు అచ్చిరావు" అని తేల్చేసింది. ఆ మాట ఎంతదూరం పోయిందంటే, పక్కింట్లో పెట్ట పొదుక్కి కూర్చున్నప్పుడు ఈవిణ్ణి ఆ వైపు రానిచ్చేవారు కాదట. "పోనీలెండమ్మా, నా చెయ్యే అంత" అని ఆవిడే అనేసుకుంది. ఆ మాట నాకు భలే గుచ్చుకుంది. డబ్బు పోయింది సరే, చెయ్యి కూడా పోవాలా?

మూడోసారి కార్తీకమాసంలో, సంఘంలో ఇంకొకావిడ వంతు పిల్లల్ని ఆవిడకి ఇప్పించారు. ఈసారి అట్ట వలయం, రెండు నలభై బల్బులు, సత్తు బేసిను. వాళ్లబ్బాయి హోల్డర్లు బిగించాడు. మొదటి రాత్రి ఆవిడ మూడుసార్లు లేచి చూసిందట. ఇరవై రెండింటికి రెండు పోయాయి, అవీ పెట్టెలో వచ్చేటప్పుడే నీరసంగా ఉన్నవి. ఇరవై బతికాయి. వాళ్లత్తగారు మాట మార్చిందా అనడిగాను. "ఎందుకు మారుత్తాదమ్మా, ఈసారి కోళ్లు మంచి జాతియ్యంట" అని నవ్వింది.

రాత్రి కరెంటు పోతే ఎలా అని అందరూ అడిగే ప్రశ్న. వేణ్నీళ్లు సీసాల్లో పోసి, మూత గట్టిగా బిగించి, పాత పంచె గుడ్డ చుట్టి వలయం మధ్యలో పడుకోబెట్టండి. పిల్లలు వెళ్లి ఆనుకుంటాయి. రెండు గంటలకోసారి నీళ్లు మార్చాలి. మట్టికుండలో నిప్పులు వేసి, బూడిద కప్పి, పైన చిల్లుల మూత పెట్టి ఉంచడం పాత పద్ధతి. అది బాగానే కాస్తుంది గానీ, తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గు నిప్పులు వద్దు. ఆ పొగ కనపడదు, వాసనా రాదు, కోళ్లతోపాటు మనుషులకీ ప్రమాదమే.

ముందు నీళ్లు, తర్వాతే మేత

ప్రయాణం చేసి వచ్చిన పిల్లలకి మొదట దాహం. కాచి చల్లార్చిన నీళ్లలో లీటరుకి రెండు మూడు చెంచాల బెల్లం పొడి కలిపి పెట్టండి. నాలుగైదు పిల్లల్ని పట్టుకుని ముక్కు కొస నీళ్లలో తాకించి వదిలితే, మిగతావి వాటిని చూసి నేర్చుకుంటాయి. బెల్లం నీళ్లు మొదటిరోజు వరకే, తర్వాత మామూలు నీళ్లు. రెండు మూడు గంటలు నీళ్లు తాగాక అప్పుడు మేత.

లోతు గిన్నెలో నీళ్లు పెడితే అందులో పడి తడుస్తాయి. తడిసిన పిల్ల బల్బు కింద ఉన్నా వణికిపోతుంది. పళ్లెంలో గులకరాళ్లు వేసి, వాటి మధ్య నీళ్లు నిలిచేలా పోస్తే భయం లేదు. ఇంకాస్త ఓపికుంటే ఇలా చేయండి. పాత ప్లాస్టిక్ డబ్బాకి మూతి నుంచి అరంగుళం కింద పక్కగా చిన్న చిల్లు పెట్టి, నిండా నీళ్లు పోసి, పైన అంగుళం అంచున్న పళ్లెం మూసి, ఒక్కసారిగా బోర్లించండి. పళ్లెంలో నీళ్లు చిల్లు మునిగే దాకా వచ్చి ఆగిపోతాయి, పిల్లలు తాగిన కొద్దీ దిగుతుంటాయి. చిల్లు పళ్లెం అంచు కంటే ఎత్తుగా పడిందా, నీళ్లన్నీ పొర్లి ఊక తడిసిపోతుంది. ఊక తడి అంటే రక్తపారుడు జబ్బుకి పిలుపు. గుప్పెడు ఊక పిడికిట్లో నొక్కి వదలండి. విడిపోతే మంచిది, ఉండలా నిలిస్తే తడి ఎక్కువైనట్టు. ఆ భాగం తీసి పొడిది వేయండి.

మొదటిరోజు మొక్కజొన్న రవ్వో సన్న నూకలో పేపరు మీద పలచగా చల్లండి. రెండోరోజు నుంచి చిక్ మేత. చిన్నపిల్లల మేత అని అడిగి తీసుకోండి. "ఏదైతేనేం, ఇది తీసుకెళ్లండి" అని గుడ్లు పెట్టే కోళ్ల మేత అంటగట్టే దుకాణదారులుంటారు. అందులో గుడ్డు పెంకు కోసం సున్నం పాలు ఎక్కువ, పసిపిల్లల మూత్రపిండాలు పాడవుతాయి. ఉత్త నూకలతో పెంచేద్దామంటే ఈకలు రావు, ఎముక బలం ఉండదు. పల్లెల్లో చెదపుట్ట తవ్వి చెదలు తెచ్చి వేయడం చూసే ఉంటారు, మాంసకృత్తులు అలా అందేవి. ఉడికించిన గుడ్డు పచ్చసొన చిదిమి వేసినా మంచిదే. ఆరు వారాలకి పిల్ల ఒక్కంటికి కిలో నుంచి కిలోన్నర మేత పడుతుంది, పాతిక పిల్లలకి ఎంతవుతుందో తెచ్చే ముందే లెక్క వేసుకోండి. మొత్తం ఒకేసారి కొనేసి వానాకాలం గోడవారన పెట్టారంటే బూజు పడుతుంది. బూజు మేత పారేయాల్సిందే, ఎండబెట్టి వేయడం పొదుపు కాదు.

చీమలు పట్టాయని గూట్లో చీమల మందు చల్లకండి, పిల్లలు ఆ పొడే ఏరుకు తింటాయి. మేత పళ్లేన్ని నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెం మధ్యలో ఓ రాయి మీద పెట్టడం మొదటి వారం కుదరదు, పిల్లలు మునుగుతాయి. గూడు బయట చుట్టూ ముగ్గు గీసినట్టు పసుపో బూడిదో గీత వేసి, రాలిన మేత రాత్రికి ఊడ్చేస్తే చాలావరకు రావు. పిల్లి, పందికొక్కు, పాము, వీటికి వల తప్ప మంత్రం లేదు. చిన్న కన్నుల ఇనప వల అడుగునా పైనా ఉండాలి.

వెనక భాగంలో రెట్ట అంటుకుని గట్టిపడితే ఆ పిల్ల ముక్కుతూ తిరుగుతుంది, తినదు. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి నానబెట్టి తుడవండి. పీకొద్దు, చర్మం ఊడొస్తుంది. ఆరాక మళ్లీ బల్బు కింద వదలాలి.

ఏడో రోజు కంటి చుక్క

ఇంత శ్రమపడి పెంచినవి రెండో నెలలో కొక్కెర తెగులుకి ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోవడం మన ఊళ్లల్లో కొత్త కాదు. పుస్తకాల్లో దీన్ని రాణిఖేత్ జబ్బు అంటారు, హిమాలయాల దగ్గరున్న రాణిఖేత్ ఊరి పేరు మీద. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఉంది. అయిదు, ఏడు రోజుల మధ్య లసోటా టీకా కంట్లో ఒక్క చుక్క. రెండు వారాలకి గంబోరో టీకా. నాలుగు వారాలప్పుడు లసోటా మరోసారి. ఆ తర్వాత రెక్కకి వేసే సూది, మశూచి టీకా ఎప్పుడెప్పుడో మీ ఊరి పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు చెబుతారు.

ఇక్కడో చిక్కుంది. లసోటా సీసాలో వంద పైగా కోళ్లకి సరిపడా మందుంటుంది. ఐసులో తెచ్చుకోవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది దాచడానికి లేదు. పాతిక పిల్లలున్న ఇల్లాలు వంద కోళ్ల మందు కొనాలా అని ఊరుకుంటుంది. ఊరుకుంటే తెగులు. వీధిలో నలుగురైదుగురు ఒకే వారంలో పిల్లల్ని దించుకుంటే ఒక సీసా అందరికీ వస్తుంది. డ్వాక్రా సంఘాల్లో ఉన్నవాళ్లకి ఇది నేను చెప్పాలా? మా పాలావిడ వాళ్లు ఆదివారం పొద్దున్నే ఎండెక్కకముందు ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, ఒకరు పట్టుకుంటే ఒకరు చుక్క వేస్తూ గంటలో ముగించారు. మందు నీళ్లలో కలిపి తాగించే పద్ధతిలో అయితే బ్లీచింగు కలిసిన కుళాయి నీళ్లు వాడకూడదు.

2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాల్లో కోళ్లు పెద్దయెత్తున చచ్చిపోయిన సంగతి తెలిసిందే. ఉన్నట్టుండి రెండు మూడు కోళ్లు కలిసి పోతే వాటిని వట్టి చేతుల్తో పట్టుకోకండి, కాలవలో పడేయకండి. పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. మామూలుగా పోయిన పిల్లనైనా లోతుగా గుంట తీసి, సున్నం వేసి పూడ్చాలి. గూడు ముట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంట్లో పిల్లలకి మొదటే అలవాటు చేయండి. ముద్దొస్తున్నాయని మూతి దగ్గర పెట్టుకుంటారు, వద్దనాలి.

నాలుగోవారం దాటేసరికి నూగు పోయి ఈకలొస్తాయి. వేసవిలో మూడు వారాలకే బల్బు అక్కర్లేకపోవచ్చు, పుష్యమాసంలో ఆరు వారాల దాకా రాత్రిళ్లు కావాలి. ఒక్కరోజులో తీసేయకండి. ముందు పగలు ఆర్పి, రాత్రి వెలిగించి, ఆ తర్వాత తెల్లవారుజామున మాత్రం ఉంచి, నాలుగైదు రోజుల్లో మాన్పించాలి. బల్బు లేని మొదటి రాత్రి అన్నీ ఓ పక్కకి గుంపుకడతాయి. అట్ట వలయం ఆ ఒక్క రాత్రికి తీయకుండా ఉంచితే నలిగిపోవు. ఆరు వారాల వయసులో మధ్యాహ్నం రెండు గంటలు పెరట్లో వదలడం మొదలుపెట్టండి, గద్ద కంట పడకుండా ఏ చెట్టు కిందో. అప్పటికి కొన్నింటికి తురాయి ఎర్రబడి పెద్దదవుతుంది. అవి పుంజులు. వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని ఆడామగా కలిపే ఇస్తారు కాబట్టి సగం అవే ఉంటాయని ముందే అనుకోండి. పండగకి అమ్ముకోవచ్చు.

గూడు ఖాళీ అయ్యాక అట్ట కాల్చేసి, రేకు అయితే సబ్బు నీళ్లతో రుద్ది, ఎండలో ఆరబెట్టి దాచండి. నేలకి సున్నం పూసి రెండు వారాలు ఖాళీగా వదిలిన తర్వాతే కొత్త పిల్లల్ని దించాలి. బల్బుల్ని గుడ్డలో చుట్టి పైన పెట్టుకోండి, మళ్లీ కొట్లో దొరుకుతాయో లేదో. ఊకని మాత్రం పారేయకండి. పచ్చిగా మొక్కకి వేస్తే వేళ్లు మాడతాయి. గోతిలో వేసి, తడిపి, రెండు మూడు నెలలు మాగనిచ్చి కరివేపాకు మొదట్లో వేస్తే చిగుళ్లు గుత్తులు గుత్తులుగా వస్తాయి.